ఎర్రప్ప కంబళి

గవ్వలకొండ శిఖరాల వెనుక నుంచి బాలసూర్యుడు తల ఎత్తగానే మణిశిఖర రాజ్యపు సరిహద్దు అడవులన్నీ కుంకుమ పూసుకున్నాయి. మోదుగ కొమ్మల మీద మంచుబిందువులు మిలమిలలాడాయి. లోయలో శంఖుతీర్థం అనే సెలయేరు నురగలు కక్కుతూ, అడ్డొచ్చిన ప్రతి గుండురాతితోనూ తగువు పెట్టుకుంటూ పరుగులు తీస్తోంది. అడవిమల్లెల పరిమళంతో గాలి బరువెక్కింది. బ్రహ్మదేవుడు ఇంత చక్కని ఉదయాన్ని ఎవరి కోసం సృష్టించాడో గానీ, కొండ మీద ఎర్రప్ప దొడ్డి దగ్గర నిలబడ్డ ముగ్గురికీ దానివంక చూసే తీరిక లేదు.

దొడ్డి ముళ్ళకంచె విరిగి పడి ఉంది. లోపల ఒక్క గొర్రె లేదు. నేలంతా పీచులు పీచులుగా ఉన్ని, దాని మీద నల్లటి మసి. ధూమ్రకేశ మాంత్రికుడు పంపిన పొగతోడేళ్ళు తెల్లవారేలోగా మందనంతా ఊడ్చిపెట్టాయి. మిగిలింది ఒక్కటే. తల్లిని పోగొట్టుకున్న పాలు మరవని పిల్ల ఒకటి, ఎర్రప్ప భార్య సుంకమ్మ కొంగులో ముడుచుకుని సన్నగా అరుస్తోంది.

మూడోవాడు కంబళ్ళు అమ్ముకునే కనకన్న. పేరూ వేషమూ రెండూ అబద్ధమే. అతను మణిశిఖర యువరాజు కీర్తిధరుడు. తండ్రి మహారాజు ధూమ్రకేశుడి మంత్రానికి చిక్కి సింహాసనం మీదే శిలానిద్రలో పడి ఉన్నాడు. ఆయనను లేపగల మేలుకొలుపు శంఖం ఈ గవ్వలకొండ గుహలో ఉంది. దాని కోసమే రాకుమారుడు నాసిరకం కంబళ్ళ మూట ఒకటి నెత్తిన పెట్టుకుని, అందులో కత్తి దాచుకుని, ఎర్రప్ప ఇంటికి అతిథిగా చేరాడు. గుర్రం నోరు తెరిచి చూస్తే దాని వయసూ, వంశమూ, కోపతాపాలూ చెప్పగల వీరుడే గానీ, గొర్రె మొహం అంత దగ్గరగా చూడడం మాత్రం ఇదే మొదలు.

దొడ్డి వెనకనే ఉన్న ఆ గుహకు ఒక బండ అడ్డంగా ఉంది. అమావాస్య నాడు పొద్దు గుంకే క్షణంలో అది కదిలి, మెల్లగా ఒక్కసారి తొలగుతుంది. ఆ క్షణానికి కొండ మీద మంద ఉంటే, మంద యజమాని ఎవరిని పంపితే వారికే లోపలికి దారి. మంద లేకపోతే కొండకు దిక్కులేనట్టే. ఎవడు ముందు ఆక్రమిస్తే వాడిదే కొండ, వాడిదే గుహ, వాడిదే కొండ మీద పుట్టే నీళ్ళ ఊట. ధూమ్రకేశుడు ఇన్నాళ్ళూ గొర్రెల మీద పగబట్టింది అందుకు. కొండవాళ్ళు వెంట తోలుకొస్తే తప్ప వాడు స్వయంగా ఆ కొండ మీద కాలు పెట్టలేడు. పొగకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా, దాన్ని పంపాడు. ఆ రోజే అమావాస్య.

"ఏమే సుంకీ, సట్టీ చెంబూ గంపలో పెట్టు. ఎండెక్కక ముందే దిగిపోదాం," అన్నాడు ఎర్రప్ప.

"యాడికి?"

"యాడికో ఒక తావుకి. జీవాలు లేనోడికి కొండతో ఏం పని?"

"మంద అంటే ఏంది? ఒక పొట్టేలు, ఒక ఈనిన గొర్రె, పాలు తాగే పిల్ల. మూడుంటే మందే అని మీ నాయనే చెప్తా ఉండె గదా. పిల్ల నా కొంగులో ఉండాది. మిగతా రెండూ పుట్టించేదానికి కంబళి ఉండాది. పరుద్దాం పద."

కంబళి పరవడం ఆ కొండల్లో పాత ఆచారం. మంద నాశనమైన కాపరి, అందరూ చేరే నీటితావు దగ్గర తన కంబళి పరిచి దాని అంచున కూర్చుంటాడు. నోరు తెరిచి అడగకూడదు. కంబళే అడుగుతుంది. ఇవ్వదలచిన వారు తమ గొర్రెను తోలుకొచ్చి దాని ముందరి కాళ్ళు కంబళి మీద పెట్టిస్తే ఇచ్చేసినట్టు. అలా వచ్చిన జీవం నోరు తెరిచి పళ్ళు చూడడం మాత్రం మహా తప్పు. దానమిచ్చిన ఆవు పళ్ళు ఎంచడమే మర్యాద కాదని లోకమంతా అంటుంది, ఇక గొర్రెలతోనే బతికేవాళ్ళకు ఎంత పట్టింపో చెప్పాలా!

ఎర్రప్ప మొహం గంటు పెట్టుకున్నాడు. "మా తాతముత్తాతల్లో కంబళి పరిచినోడు లేడు."

"వాళ్ళ మందల్ని పొగ తినిందీ లేదు."

"అది కాదే. పోయిన కరువులో నేను నలుగురికీ గొర్రెపిల్లల్ని ఇచ్చినా. ఇప్పుడు పోయి వాళ్ళ ముందర కంబళి పరిస్తే, ఇచ్చినవి మళ్ళీ ఇమ్మన్నట్టు ఉంటాది. పెట్టిన కూడు కక్కమనేటోడు మనిషేనా?"

కీర్తిధరుడు కల్పించుకున్నాడు. "పెద్దయ్యా, ఒక మాట. ఇందులో నా అవసరం కూడా ఉంది, ఆ గుహలోకి పోవాలి, దాయను. కానీ నా అవసరం లేకపోయినా ఇదే చెప్పేవాణ్ణి. నువ్వు దిగిపోతే రేపు ఈ ఊట నీళ్ళ మీద కూర్చునేది ధూమ్రకేశుడు. అప్పుడు నువ్వు కరువులో కాపాడిన మందలన్నీ దాహంతో చస్తాయి. సిగ్గుపడి నువ్వు ఊరుకుంటే, దానికి వాళ్ళంతా బలి కావాలా?"

సుంకమ్మ ఎర్రప్ప భుజం మీది కంబళి లాక్కుని చంకన పెట్టుకుని, గొర్రెపిల్లతో సహా కొండ దిగసాగింది. ఎర్రప్ప కాసేపు గొణిగాడు. తర్వాత కర్ర తీసుకుని వెంట నడిచాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో జరిగేది అదే.

సెలయేటి మీద పెద్ద దూలం ఒకటి వంతెనగా పడి ఉంది. ముగ్గురూ దాని మొదట్లోకి రాగానే కాళ్ళ కింద బెరడు చల్లబడింది. చూస్తుండగానే బెరడు పొలుసులుగా మారింది. అవతలి ఒడ్డున దూలం కొన మెల్లగా పైకి లేచి, రెండు పచ్చటి కళ్ళు తెరిచి, గుహలాంటి నోటితో బుసకొట్టింది. మహా కొండచిలువ!

"ధూమ్రకేశుడి మాయ! వెనక్కి తగ్గండి!" అని అరిచాడు రాకుమారుడు.

"వెనక్కి పోతే పొద్దు గుంకేలోపల మళ్ళీ రాగలమా?" అంది సుంకమ్మ. "పామైతే ఏంది, దూలమైతే ఏంది? నడిచేదానికి వీపుంటే చాలు." అంటూ ఆమె పిల్లను అదుముకుని పాము వీపు మీద గబగబా నడక సాగించింది.

కొండచిలువకు ఇంతటి అవమానం ఎన్నడూ జరిగి ఉండదు. అది మెలితిరిగి ఆమె మీదికి నోరు చాచింది. కీర్తిధరుడు మూటలోంచి కత్తి దూసి, ఒక్క గెంతులో సుంకమ్మను దాటి, ఆ నోట్లోకి కత్తిని నిట్టనిలువుగా దూర్చాడు. మూద్దామంటే మూతపడదు, మింగుదామంటే మింగుడుపడదు. పాము తల విదిలిస్తే రాకుమారుడు గాలిలో బొంగరంలా తిరిగాడు, అయినా పిడి వదల్లేదు. ఈలోగా వెనక నుంచి ఎర్రప్ప వచ్చి కర్రతో దాని నడుము మీద బలం కొద్దీ మోదాడు. ఫెళ్ళున చప్పుడైంది. పాము లేదు. నడిమికి చీలిన పాత దూలం మీద ముగ్గురూ నిలబడి ఉన్నారు. అది విరిగి నీళ్ళలో పడేలోగా అవతలి ఒడ్డుకు దూకేశారు.

నీటితావు దగ్గర అమావాస్య కనుక మందలన్నీ చేరి ఉన్నాయి. కాపరులు ఆ రోజు జీవాలను దూరం తోలరు. ఎర్రప్ప తల వంచుకుని, అందరి నడుమా కంబళి పరిచి అంచున కూర్చున్నాడు. సుంకమ్మ పక్కన నిలబడింది. అప్పటిదాకా గలగలలాడుతున్న జనం చల్లబడ్డారు. కొందరు గొర్రెల కాళ్ళు పరీక్షించసాగారు. మందపెద్ద లింగప్ప అయితే వాన వస్తుందేమోనన్నట్టు మబ్బులేని ఆకాశం వంక చూడసాగాడు. అతను సుంకమ్మకు సొంత అన్న. అతనికున్నన్ని, అంత మేలైన పొట్టేళ్ళు చుట్టుపక్కల కొండల్లో ఎవరికీ లేవు.

ఉన్నట్టుండి సుడిగాలి రేగింది. అందులోంచి గొంతు వినబడింది. "ఎర్రప్ప కంబళి మీద ఎవరి గొర్రె కాలు పెడుతుందో వారి మందకు గాలికుంటు తగులుతుంది! గిట్టలు ఊడుతాయి! నోళ్ళు పుళ్ళు పడతాయి! ధూమ్రకేశుడి మాట!"

తల్లులు పిల్లలను దగ్గరికి లాక్కున్నట్టు కాపరులు గొర్రెలను దగ్గరికి లాక్కున్నారు. గాలికుంటు పేరు చెబితే వాళ్ళకు రాత్రి నిద్ర ఉండదు.

కీర్తిధరుడు ఒక గుండు మీదికి ఎక్కాడు. రాజసభలో నేర్చిన విద్య అంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. "ఓ వీర కాపరులారా! ధర్మరక్షణకు కంకణం కట్టుకోవలసిన తరుణం ఆసన్నమైనది! మీ బాహుపరాక్రమము..."

"ఏం నాయనా," అంది గంగక్క అనే ముసలి కాపరి, "కంబళ్ళు అమ్మేదానికి ఇంత గొంతు ఎందుకు? మా జీవాలు బెదురుతాండాయి."

జనం నవ్వారు. రాకుమారుడి చెవులు ఎర్రబడ్డాయి. గుండు దిగాడు. కానీ వెనక్కి తగ్గే రకం కాదు. తిన్నగా గంగక్క ముందుకే వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, ఒక్కటి చెప్పు. ఈ ఎర్రప్ప నీకేమైనా చేశాడా?"

గంగక్క కొండ వైపు చెయ్యి చూపింది. "కరువులో నా మంద నాలుకలు బయటపెట్టి పడి ఉంటే, కొండ మీదికి రమ్మని ఊట చూపించినాడు. ఆయప్ప జీవాలు ఒక పక్క తాగితే నావి ఒక పక్క తాగినాయి. ఎందుకు అడుగుతాండావు?"

"నాకు చెప్పకు. అక్కడ కూర్చున్నాడే, ఆయనకు చెప్పు. నోటితో కాకపోతే గొర్రెతో చెప్పు."

రాకుమారుడు అక్కడి నుంచి లేచి పక్క మంద దగ్గరికి వెళ్ళాడు. అక్కడా అదే ప్రశ్న. ఒకడికి ఈనలేక ఇబ్బంది పడుతున్న గొర్రెను ఎర్రప్ప అర్ధరాత్రి వచ్చి కాపాడాడు. ఇంకొకడికి దారి తప్పిన మందను నాలుగు కొండల అవతలి నుంచి తోలుకొచ్చి ఇచ్చాడు. అందరికీ ఏదో ఒకటి ఉంది. చెప్పేటప్పుడు అందరి గొంతూ తగ్గింది. ప్రతి ఒక్కరూ చివరికి లింగప్ప వంక చూశారు. లింగప్ప ఆకాశం వంక చూశాడు.

మధ్యాహ్నం దాటింది. కంబళి ఖాళీగానే ఉంది. ఎర్రప్ప తల ఇంకా కిందికి వాలింది.

అప్పుడు గంగక్క లేచింది. పొదుగు నిండుగా వేలాడుతున్న కుంటిగొర్రె నొకదాన్ని చెవి పట్టుకుని తీసుకొచ్చి కంబళి మీద కాళ్ళు పెట్టించింది. గాలి వైపు తిరిగి చెయ్యి ఊపుతూ, "ఇది పుట్టు కుంటిదిరా నాయనా! నీ గాలికుంటు దీన్ని ఇంకేం కుంటిస్తాదో చూస్తా!" అని అరిచింది.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, సుడిగాలి నల్లబడింది. అందులోంచి పొగతోడేళ్ళు బిలబిలమని దూకి గంగక్క మంద మీద పడ్డాయి. కీర్తిధరుడు కత్తి దూసి అడ్డుపడ్డాడు. ఒక తోడేలును నడిమికి నరికాడు. అది రెండు ముక్కలై, ఆ రెండూ మళ్ళీ అతుక్కుని, ఏమీ జరగనట్టు అతని మీదికే వచ్చింది. మూడు వేట్లు వేశాడు. మూడుసార్లూ అదే వరస. పొగను కత్తితో నరకడం ఎవరి తరం?

ఒక తోడేలు అతని మీదికి గెంతబోయి గురి తప్పి, కంబళ్ళ మూట మీద పడింది. మూట పొద్దున్న సెలయేట్లో సగం తడిసింది. తోడేలు చుస్సుమని చప్పుడు చేసి అణిగిపోయింది. దాని కింద ఇంత మసి మాత్రం మిగిలింది.

"తడి కంబళి! తడి కంబళి కప్పండి!" అని కేకపెట్టాడు రాకుమారుడు, మూట విప్పి కంబళ్ళు నీళ్ళలోకి విసురుతూ.

కాపరులు ఒక్క క్షణం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగక్క అప్పటికే తన కంబళిని నీళ్ళలో ముంచి, ఉతికే బట్టలా తిప్పి ఒక తోడేలు నెత్తిన వేసింది. ఇక ఎవరూ ఆగలేదు. ఆడా మగా అందరూ భుజాల మీది కంబళ్ళు నీళ్ళలో ముంచారు. "హోయ్! హోయ్!" అని తోడేళ్ళను అదిలించే కేక కొండల్లో మారుమోగింది. కుక్కలు తరుముతుంటే, మనుషులు వలయం కట్టి కంబళ్ళు కప్పారు. చుస్సు, చుస్సు! కాసేపటికి తావు నిండా మసి తప్ప తోడేలన్నది లేదు. కనకన్న కంబళ్ళు ఇన్నాళ్ళకు చెల్లుబడి అయ్యాయి.

భయం అనేది ఒకసారి తడిస్తే మళ్ళీ రాజుకోవడం కష్టం. ఈనలేని గొర్రెను ఎర్రప్ప కాపాడాడే, ఆ కాపరి ఆ గొర్రె కూతుర్నే తోలుకొచ్చాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. కంబళి మీద గిట్టల ముద్రలు పడుతూనే ఉన్నాయి. ఎర్రప్ప ఆచారం ప్రకారం నోరు తెరవలేదు గానీ, వచ్చిన ప్రతి జీవం వీపూ నిమిరాడు. సుంకమ్మ కుంటిగొర్రె పాలు పిండి అనాథపిల్ల వీపుకు పూసి, ఇంత ఉప్పు చల్లి దాని ముందు వదిలింది. కుంటిది మొదట తన్నింది. తర్వాత మూతి పెట్టి వాసన చూసింది, నాకింది, పిల్లను పొదుగు దగ్గరికి రానిచ్చింది.

గొర్రెలు వచ్చాయి, పిల్ల ఉంది. పొట్టేలు రాలేదు. ఒక్కో మందకు ఉండేది ఒక్క పొట్టేలు. దాన్ని ఇస్తే మరుసటి ఏడు ఆ మందలో పిల్లలు పుట్టవు. అలా ఇవ్వగలిగినవాడు లింగప్ప ఒక్కడే. సుంకమ్మ అన్న వంక చూసింది. అతను నోరు తెరవబోయి మూసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా జనం వెనక నుంచి ఒక పొట్టేలు తనంతట తానే నడిచి వచ్చింది. ఆహా, ఏమి పొట్టేలది! మెలితిరిగిన కొమ్ములకు నూనె పూసిన నిగనిగ. మేఘం నేల మీదికి దిగినట్టున్న నల్లటి ఉన్ని. అడుగు తీసి అడుగు వేస్తుంటే మిగతా గొర్రెలు పక్కకు తప్పుకున్నాయి. అది ఠీవిగా వచ్చి కంబళి మీద ముందరి కాళ్ళు పెట్టింది.

"లింగప్పదే! ఇంకెవురికి ఉంటాది ఇట్లాంటిది!" అన్నారు జనం. సుంకమ్మ పరుగున వచ్చి అన్న చేతులు పట్టుకుంది. "పేరు చెప్పకుండా పంపినావా అన్నా? నీ మనసు నాకు తెలుసు," అంటూ ఏడ్చింది.

లింగప్ప తనది కాదని చెప్పలేదు. చెల్లెలు అలా ఏడుస్తుంటే, నలుగురూ అలా మెచ్చుకుంటుంటే, కాదనడానికి నాలుక తిరగలేదు. తల మాత్రం దించుకున్నాడు. దాన్ని అందరూ అణకువ అనుకున్నారు.

విరిగిన దూలం చోట గుండ్లు వరసగా వేసి సెలయేరు దాటి, మందను తోలుకుంటూ జనమంతా కొండెక్కారు. విరిగిన కంచెను దారిలో కొట్టిన ముళ్ళకంపతో తలా ఒక చెయ్యి వేసి సరిచేశారు. పడమట సూర్యుడు కొండ అంచుకు ఒక బెత్తెడు ఎత్తున ఉన్నాడు. గొర్రెలు ఒక్కొక్కటీ దొడ్డిలోకి దూరాయి. చివరగా పొట్టేలు వచ్చింది. గేటు దగ్గర నిలబడ్డ కీర్తిధరుడికి దాన్ని చూసి ముచ్చటేసింది. మంచి జంతువు కనబడితే రాజకుమారుల చెయ్యి ఊరుకోదు. గుర్రాన్ని పట్టినట్టే దవడ పట్టుకుని నోరు తెరిచాడు.

"అయ్యో, అయ్యో! ఏం పని అది!" అని జనం ఒక్కసారి గోల చేశారు. "కంబళి మీది జీవం నోరు చూస్తాడా ఎవురైనా! సిగ్గు లేదా మనిషికి!"

రాకుమారుడు తడబడ్డాడు. "క్షమించండి, తప్పు పట్టడానికి కాదు. ఎంత చక్కని పలువరుసో అని. పైనా కిందా ముత్యాలు పేర్చినట్టు..."

"పైనా?" అంది సుంకమ్మ.

గోల ఆగిపోయింది.

"అవునమ్మా, పైనా కిందా. ఎందుకు?"

"గొర్రెకి ముందర పై పళ్ళు యాడుంటాయిరా నాయనా?" అంది గంగక్క. "కింద పళ్ళే ఉంటాయి. పైన ఒట్టి చిగుళ్ళే!"

పొట్టేలు కళ్ళు ఎర్రబడ్డాయి. దాని నోట్లోంచి మనిషి నవ్వు వచ్చింది. జీవితంలో ఒక్క గొర్రెనూ మేపని ధూమ్రకేశుడు రూపమైతే మార్చాడు గానీ, నోట్లో తన పళ్ళే పెట్టుకున్నాడు. మర్యాదస్తులైన ఈ జనం నోరు చూడరన్న ధైర్యంతో!

"మీరే నన్ను తోలుకొచ్చారు! మీ చేతులతోనే కొండెక్కించారు!" అని గర్జించాడు. కొమ్ములు పెరిగాయి, ఉన్ని పొగై పైకి లేచింది. ఆ పొగలోంచి ఎముకల దండలూ, జడలు కట్టిన జుట్టూ బయటపడ్డాయి. "పొట్టేలు లేని మంద మందా? ఇంకొంచెం సేపట్లో పొద్దు గుంకుతుంది. ఈ కొండ నాది!"

కీర్తిధరుడు వాడి కొమ్ములు ఒడిసిపట్టాడు. వాడు విసిరితే కంచెకు కొట్టుకున్నాడు, ముళ్ళు వీపున దిగాయి, అయినా వదలలేదు. జనంలో కలకలం. ఆ గందరగోళంలో లింగప్ప గిరుక్కున తిరిగి కొండ దిగువకు పరుగెత్తడం అందరూ చూశారు.

"పిరికి నాయాలు," అన్నాడెవడో.

సుంకమ్మ ఆ మాటకు కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచి, "చూస్తారేందయ్యా! తొట్టి నిండా నీళ్ళున్నాయి!" అని అరిచింది.

ఎర్రప్ప తన కంబళి వైపు చూశాడు. పొద్దుటి నుంచీ అది అతని సిగ్గు. ఇప్పుడు దాని నిండా అందరి గొర్రెల గిట్టల మట్టి. దాన్ని రాతితొట్టిలో ముంచి, రెండు చేతులా ఎత్తి, మాంత్రికుడి నెత్తి మీద విసిరేశాడు. "నా దొడ్డిలో నుంచి పో!" కంబళి పరిచాక అతను నోరు తెరిచింది అదే మొదలు. వెనకే గంగక్క కంబళి పడింది, వెనకే ఇంకొకటి, ఇంకొకటి. బుస్సుమని ఆవిరి లేచింది. ఏనుగంత ఉన్న ధూమ్రకేశుడు ఎద్దంతయ్యాడు, మేకంతయ్యాడు, చివరికి పాములా పొగతీగగా సాగి, కంబళ్ళ కింద నుంచి జారి, గుహబండ పగులులోకి దూరిపోయాడు.

వాడు పోయాడు. కానీ సూర్యబింబం సగం మునిగింది. పొట్టేలు లేదు. జనమంతా నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరి మందా అంత దగ్గరలో లేదు. సుంకమ్మ దొడ్డి గేటు పట్టుకుని అలాగే నిలబడింది. గుహబండ లోపల నుంచి నవ్వు వినబడుతోంది.

అప్పుడు దిగువ నుంచి గంట చప్పుడైంది.

లింగప్ప వస్తున్నాడు. భుజాల మీద నాలుగు కాళ్ళూ పట్టుకుని పొట్టేలును మోసుకుంటూ, పడుతూ లేస్తూ, నోరు తెరిచి రొప్పుతూ ఎక్కుతున్నాడు. అది దాని ఎత్తు బంగారం ఇచ్చినా లింగప్ప అమ్మని పొట్టేలు. చిన్నప్పుడు పాలు పట్టి పెంచుకున్నది, మెడలో ఇత్తడి గంట కట్టుకున్నది. నలుగురు కుర్రాళ్ళు కిందికి ఉరికి అతన్ని నడుము పట్టి పైకి తోశారు. లింగప్ప దొడ్డి ముందు కూలబడి, పొట్టేలును లోపలికి నెట్టాడు. సుంకమ్మ గేటు మూసింది. సూర్యుడు మునిగాడు.

"ఆ పొట్టేలు నాది కాదు చెల్లీ," అన్నాడు లింగప్ప ఊపిరి అందక. "నాది అని నువ్వు ఏడిస్తే కాదనలేకపోయినా. ఇదే నాది. పొద్దున్నే తేవాల్సింది."

సుంకమ్మ కొంగుతో అన్న మొహం తుడిచింది.

కొండ లోపల ఎక్కడో పెద్ద బండ కదిలిన శబ్దం వచ్చింది. ఎర్రప్ప గొంతెత్తి తన మందను పిలిచే కూత కూశాడు. ఆ కూత ఎన్నడూ వినని గొర్రెలన్నీ, ఏ ఇంటివి ఆ ఇంటి గొంతుతో, ఒకటొకటిగా బదులు పలికాయి.

కొత్త జీవం దొడ్డికి వస్తే చెవి మీద పాత ఇంటి గాటు పక్కన కొత్త యజమాని తన గాటు పెట్టుకోవడం వాడుక. లింగప్ప చాకు అందించాడు. ఎర్రప్ప మసక వెలుతురులో ఒక్కొక్క చెవినీ వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత చాకు తిరిగి ఇచ్చేశాడు.

"ఉండనీ బావా. ఈ మంద ఎవురిది అని రేపెవరైనా అడిగితే, ఈ చెవులే చూపిస్తా."

గుహబండ పక్కకు ఒరిగింది. లోపల చీకటి. ఎర్రప్ప తడికంబళి తీసి రాకుమారుడి భుజం మీద వేసి, కొండ వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "తల్లీ, ఈ పిల్లోడు నా ఇంటి మనిషి. దారి ఇయ్యి."

"నువ్వు కంబళ్ళు అమ్మేటోడివి కాదని నాకు మొదటిరోజే తెలుసు," అంది సుంకమ్మ. "ఎంత తగ్గించి అడిగినా బేరమాడకుండా తలూపే వ్యాపారి యాడుంటాడు? ఎవురివైనా సరే, పోయి రా. మేము ఈడనే ఉంటాం."

కీర్తిధరుడు ఇద్దరి పాదాలూ తాకి గుహలోకి అడుగుపెట్టాడు. వెనక బండ మూసుకుంది. కాటుకలాంటి చీకట్లో దూరంగా రెండు ఎర్రటి కళ్ళు వెలిగాయి.

"రా యువరాజా!" అంది ధూమ్రకేశుడి గొంతు. "నీ గొర్రెలకాపరులు బయటే మిగిలిపోయారు. ఇక్కడ నువ్వు ఒంటరివాడివి!"

రాతి అవతల నుంచి, సన్నగా, లింగప్ప పొట్టేలు మెడలోని గంట మోగింది. కీర్తిధరుడు తడికంబళిని ఎడమచేతికి గట్టిగా చుట్టుకుని, ఆ కళ్ళ వైపే నడిచాడు.